'డౌట్' అని రాస్తే అవతలివాళ్లు ఎందుకు నొచ్చుకున్నారు? రోజూ వాడే ఇంగ్లీషు మాటల లోపలి అర్థాలు

మాదాపూర్_టెస్టర్ | శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. మాది నల్గొండ దగ్గర ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియమే.

మా క్లయింట్ మాంచెస్టర్‌లో ఉంటారు. పోయిన వారం వాళ్ల డిజైనర్ ఒక డాక్యుమెంట్ పంపారు. నాకు బాగా నచ్చింది. ఒక్కచోట మాత్రం అర్థం కాక 'ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్' అని మొదలుపెట్టి, కింద నా ప్రశ్న రాశాను.

మర్నాడు ఆయన పేజీన్నర జవాబు రాశారు. ఆ డిజైన్‌ని ఎవరెవరు ఎప్పుడు ఆమోదించారో తేదీలతో సహా ఇచ్చి, వాళ్ల మేనేజర్‌ని కూడా మెయిల్‌లో కలిపారు. నా అసలు ప్రశ్నకు అందులో జవాబు లేదు. కాల్‌లో కూడా ముక్తసరిగా మాట్లాడారు. మా లీడ్ మెయిల్ చూసి, "ఆయన డిజైన్ మీద నీకు నమ్మకం లేదని రాశావు కదా" అన్నారు.

నేను అలా అనలేదు. నాకు తెలియక అడిగాను, అంతే. డిక్షనరీ తీస్తే డౌట్ అంటే సందేహం అనే ఉంది. మరి తప్పెక్కడ జరిగింది? ఇలా పైకి ఒకటి, లోపల ఇంకొకటి ఉండే మాటలు ఇంకేమున్నాయో తెలిసినవాళ్లు చెప్పండి. ఈ విషయం నన్ను రెండు రోజులుగా తినేస్తోంది.

విశ్రాంత_మాస్టారు | శుక్రవారం, రాత్రి 11:25

అమ్మా, నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాను. మీరు అడిగినది మాలాంటి మాస్టర్లం చెప్పాల్సిన పాఠం. మేం చెప్పలేదు.

మన భాషలో సందేహం ఉంది, అనుమానం ఉంది. రెండూ పక్కపక్క ఇళ్లే అయినా గుమ్మాలు వేరు. శిష్యుడికి గురువు దగ్గర కలిగేది సందేహం. దాన్ని తీర్చడాన్ని సందేహ నివృత్తి అంటాం, అందులో గౌరవమే ఉంది. అనుమానం మనిషి మీద పడుతుంది. 'అనుమానం పెనుభూతం' అన్నారు పెద్దలు. సందేహం పెనుభూతమని ఎవరూ అనలేదు.

మనం 'డౌట్'ను బడిలో నేర్చుకున్నాం. పాఠం అయ్యాక "డౌట్స్ ఉంటే అడగండి" అనే మాట వింటూ పెరిగాం. కోచింగ్ సెంటర్లలో 'డౌట్స్ సెషన్' అని విడిగా గంట పెడతారు. అలా ఆ మాట మనకు పూర్తిగా సందేహం వైపే ఉండిపోయింది. ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్ల చెవికి మాత్రం అది చాలాసార్లు అనుమానం వైపు మోగుతుంది. మీ డిజైన్ మీద నాకు డౌట్ ఉందంటే 'అది నిలబడుతుందని నాకనిపించడం లేదు' అని వినపడుతుంది. ఆయన తేదీలతో సహా సంజాయిషీ రాసింది అందుకే.

మీరు నింద వేయలేదు, ఆయనా కావాలని కోపగించుకోలేదు. ఈసారి 'క్వశ్చన్' అని రాయండి, సరిపోతుంది.

ఉప్పల్_కాల్‌సెంటర్ | శనివారం, ఉదయం 7:05

'వన్ స్మాల్ డౌట్' అని నేను రోజుకు పదిసార్లు అంటాను. చిన్నది అన్నాం కదా, మర్యాదగానే ఉంటుందనుకున్నా. మాస్టారూ, ఇవాళ్టి నుంచి మానేస్తున్నా.

తార్నాక_పరిశోధక | శనివారం, ఉదయం 9:50

1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, ఇప్పుడు మనం ఇఫ్లూ అంటున్న విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను. టెస్టర్ గారూ, మీ ప్రశ్న మీద భాషాశాస్త్రంలో చాలా పని జరిగింది.

మాట అర్థం డిక్షనరీ వరుసలో సగమే ఉంటుంది. మిగతా సగం ఆ మాట ఎవరితో తిరుగుతుందన్న దాంట్లో ఉంటుంది. బ్రిటిష్ భాషావేత్త ఫర్త్ 1957లోనే, మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని చెప్పాడు. తర్వాత 1980లలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నడిపిన కోబిల్డ్ ప్రాజెక్టులో వార్తలు, పుస్తకాలు, సంభాషణలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో మాట పక్కన ఏ మాటలు వస్తున్నాయో వరుసగా చూశారు. ఆ పనిలోంచే 1987లో డిక్షనరీ వచ్చింది.

అలా చూస్తే బయటపడిన వాటిలో 'కాజ్' ఒకటి. కారణమవడం, అంతే కదా అనుకుంటాం. పక్కన వచ్చేవి చూడండి: ప్రమాదం, నష్టం, నొప్పి, ఆలస్యం. ఎక్కువభాగం చెడే. అందుకే 'మా మార్పు వల్ల వేగం పెరిగింది' అని చెప్పబోయి 'అవర్ చేంజ్ కాజ్డ్ ...' అని మొదలుపెడితే, వాక్యం పూర్తయ్యేలోపే అవతలివాళ్లు ఏదో విరిగిందని సిద్ధమైపోతారు. 'సెట్ ఇన్' (మొదలై పాతుకుపోవడం) కూడా అంతే. కుళ్లు సెట్ ఇన్ అవుతుంది, ఇన్ఫెక్షన్ అవుతుంది, నిరాశ అవుతుంది. సంతోషం సెట్ ఇన్ అయిందని రాయరు.

ఇది వింతేమీ కాదు. తెలుగులో 'పాల్పడు' ఉంది. దోపిడీకి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు. 'ఆయన అన్నదానానికి పాల్పడ్డాడు' అనండి, వినేవాడు ఉలిక్కిపడతాడు. 'పాలు' కావడం అంతే: అప్పుల పాలు, ఆసుపత్రి పాలు, నవ్వుల పాలు. 'నోచుకోలేదు' అన్నామంటే ఆ దక్కనిది మంచిదే అయి ఉండాలి. ఈ లెక్కలు మనకు ఎవరూ నేర్పలేదు, అమ్మ మాటల్లోంచే వచ్చాయి. ఇంగ్లీషు మనకు అలా రాలేదు, అర్థాల పట్టికలోంచి వచ్చింది. పట్టికలో సావాసం కనపడదు.

చిక్కడపల్లి_రీడింగ్‌హాల్ | శనివారం, మధ్యాహ్నం 1:15

అక్కా, మీరు చెప్పింది మస్తుగుంది. ఆర్నెల్లు సావాసం జేస్తే వారు వీరైతరంటరు గద, మాటలు గూడ గట్లనే.

నేను డీఎస్సీకి చదువుతున్న, పొద్దుగాల నుంచి రాత్రి దాక లైబ్రరీలనే ఉంట. మా సిలబస్‌ల అర్థ విపరిణామం అని, మాటల అర్థాలు కాలంతోని ఎట్ల మారుతయో చెప్పే పాఠం ఒకటి ఉంటది. ఛాందసుడు అంటే ఒకప్పుడు వేదం చదివినోడు, ఇప్పుడు తిట్టు. కైంకర్యం అంటే దేవుని సేవ, ఇప్పుడు సొమ్ము కైంకర్యం జేసిండంటే మింగిండని. గివి అర్థగ్రామ్యత. ఉల్టా సుత ఉంటది. సభికులు ఒకప్పుడు జూదంతోని ముడిపడ్డ మాట, ఇప్పుడు సభల కూసున్న మర్యాదస్తులు. గది అర్థసౌమ్యత.

ఇంగ్లీషుల ఉన్నయా ఇట్లాంటివి? మా దగ్గర అన్నీ తెలుగు ఉదాహరణలే ఉన్నయ్.

తార్నాక_పరిశోధక | శనివారం, మధ్యాహ్నం 2:30

ఉన్నాయి తమ్ముడూ, బోలెడు. 'నైస్' లాటిన్‌లో 'తెలియనివాడు' అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో తెలివితక్కువ అనే అర్థం, ఇప్పుడు మెచ్చుకోలు. 'సిల్లీ' దీనికి ఎదురు దారిలో నడిచింది. పాత ఇంగ్లీషులో దాని మూలానికి ధన్యుడు, దీవెన పొందినవాడు అని అర్థం. అక్కణ్నుంచి అమాయకుడై, పాపం అయి, చివరికి తెలివిలేనివాడైంది. 'విలన్' మొదట భూస్వామి పొలంలో పనిచేసే పల్లెటూరి మనిషి. అతను చేసిన నేరమేమీ లేదు. పైవాళ్లు అతన్ని ఎలా చూశారో అదే మాటలోకి దిగింది. ఈ మూడో ఉదాహరణ నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

నైట్‌డ్యూటీ_నర్స్ | శనివారం, రాత్రి 8:10

మా వార్డులో జరిగింది రాస్తాను. ఆసుపత్రి పేరు వద్దు.

ఒక పెద్దాయన, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. డిశ్చార్జ్ రోజు వాళ్లమ్మాయి సమ్మరీ చదివి వినిపిస్తోంది. 'పేషెంట్ డినైస్ ఆల్కహాల్ అండ్ స్మోకింగ్' అని వచ్చింది. ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. "డినై అంటే? నేను తాగి బుకాయిస్తున్ననని రాసిన్రా? 30 ఏండ్లు బస్సు నడిపిన, ఒక్కనాడు ముట్టలె." చేతులు వణుకుతున్నాయి. పైన 'కంప్లెయింట్స్ ఆఫ్ చెస్ట్ పెయిన్' అని కూడా ఉంది. "నేను ఎవ్వరి మీద కంప్లెయింట్ ఇచ్చిన?" అన్నారు.

మాకు అవి రోజూ రాసే మాటలు. పేషెంట్ తనకు ఆ అలవాటు లేదని చెప్పారు, మేం విడిగా పరీక్షించి తేల్చలేదు అని తెలియజేయడానికి డాక్టర్లు అలా రాస్తారు. బయట ఆ మాట ఎక్కడ వినపడుతుంది? నేరం మోపబడినవాడు డినై చేస్తాడు. ఆయన చెవి తప్పు వినలేదు. ఆ వాసన మాటలో నిజంగానే ఉంది. మేమే అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేశాం. ఇప్పుడు నేను రాసే కాగితాల్లో 'రిపోర్ట్స్ నో' అని రాస్తున్నాను. 'నాన్ కంప్లయంట్' అని రాసేముందు, ఆ మనిషి మందులు ఎందుకు వేసుకోలేదో ఒక్కమాట అడుగుతున్నాను. చాలాసార్లు డబ్బుల్లేకే.

ఇంకోటి, 'ఎక్స్‌పైర్'. మనవాళ్లందరం వాడతాం. "మా మామయ్య ఎక్స్‌పైర్ అయ్యారు" అంటాం. ఓసారి విదేశం నుంచి తండ్రిని తీసుకొచ్చిన ఒకావిడకు మా జూనియర్ అదే మాట చెప్పింది. ఆవిడ ఇంగ్లీషులో, "ఆయన పాల ప్యాకెట్టా?" అని అడిగి ఏడ్చేసింది. ఆ అమ్మాయి గౌరవంగానే చెప్పాననుకుంది. అప్పట్నుంచి కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెబుతున్నాను: 'పాస్డ్ అవే' అనండి, లేదా సూటిగా 'డైడ్' అనండి.

విశ్రాంత_మాస్టారు | శనివారం, రాత్రి 9:00

మేడమ్, మీరు చెప్పినదాంట్లో ఒక పెద్ద సంగతి ఉంది. చావు గురించి మనకు తెలుగులో ఎన్ని మాటలు! పోయారు, కాలం చేశారు, పరమపదించారు, కన్నుమూశారు. దీపం ఆరిందనడానికి కూడా మనసొప్పక కొండెక్కిందన్నాం. బియ్యం అయిపోయాయని అనలేక నిండుకున్నాయన్నాం. ఇంత సున్నితం తెలిసినవాళ్లం 'ఎక్స్‌పైర్' అని ఎందుకంటున్నాం?

నాకు తోచింది చెబుతాను. ఇంగ్లీషు మాట మనకు బరువుండదు. 'సారీ' నోట్లోంచి వచ్చినంత తేలిగ్గా 'క్షమించండి' రాదు. శవం అనలేక 'బాడీ ఎప్పుడిస్తారు' అంటాం. తెలుగులో గుచ్చుకునేదాన్ని ఇంగ్లీషు దూదిలో చుట్టి పట్టుకుంటాం. మన చేతికి అది దూదే. ఆ భాషలో పుట్టినవాళ్ల చేతికి మాత్రం ఆ దూదిలోని ముల్లే తగులుతుంది.

సికింద్రాబాద్_ప్యాసింజర్ | ఆదివారం, ఉదయం 8:20

నాది వేరే అభిప్రాయం. కోట్లమంది భారతీయులు డౌట్‌ను ప్రశ్న అనే అర్థంలో వాడుతున్నప్పుడు అది తప్పెలా అవుతుంది? 'ప్రిపోన్' (అనుకున్నదానికంటే ముందుకు జరపడం) మన వాడుకలో బలపడ్డ మాటే, ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి ఎక్కింది. మాంచెస్టర్ ఆయన హైదరాబాద్‌తో పనిచేస్తున్నాడు కదా, మన ఇంగ్లీషు ఆయన నేర్చుకోకూడదా? ప్రతిసారీ మనమే ఎందుకు సర్దుకోవాలి? టెస్టర్ గారు తప్పు చేసినట్టు అందరూ మాట్లాడటం నాకు నచ్చలేదు.

తార్నాక_పరిశోధక | ఆదివారం, ఉదయం 9:45

తప్పని నేను అనలేదండీ. మన డౌట్ మనది, హైదరాబాద్‌లో దానికి పూర్తి హక్కుంది. అయితే అవతలివాళ్లకు ఏం వినపడుతుందో తెలిస్తే ఎప్పుడు ఏది వాడాలో మన చేతిలో ఉంటుంది. వాళ్లలో వాళ్లకే కుదరదు చూడండి. 'క్వైట్ గుడ్' అంటే అమెరికాలో చాలా బాగుందని, ఇంగ్లండులో చాలాసార్లు పర్వాలేదని. 'హోమ్లీ' ఇంగ్లండులో ఇంటి హాయి ఉన్నదనే మెచ్చుకోలు, అమెరికాలో మనిషిని అంటే అందంగా లేదని.

కొత్తపేట_అమ్మ | ఆదివారం, ఉదయం 11:30

అయ్యో, ఇది నాకు తెలియదే! మా అమ్మాయి పెళ్లి సంబంధాల ప్రొఫైల్‌లో 'హోమ్లీ గర్ల్' అని నేనే రాశాను. మన పేపర్ల ప్రకటనల్లో ఏళ్లుగా అలాగే చూస్తున్నాం కదా, ఇల్లు చక్కబెట్టుకునే పిల్ల అని. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన అబ్బాయి ఒకతను చూశాడట. "మీ అమ్మగారు నిన్ను ఇలా ఎందుకు రాశారు?" అని అమ్మాయినే అడిగాడట. అది నాతో రెండు రోజులు మాట్లాడలేదు, కారణమూ చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది. ఇవాళే తీసేస్తాను. ఏం రాయాలో దాన్నే అడుగుతాను.

ఎస్సార్‌నగర్_అద్దెగది | ఆదివారం, మధ్యాహ్నం 12:50

మన ఊళ్లోనే మారిపోయిన మాట ఒకటి: బ్యాచిలర్. ఇంగ్లీషులో పెళ్లికాని మగాడు, అందులో కాస్త దర్జా కూడా ఉంది. ఆడవాళ్ల విషయంలో వాడే 'స్పిన్‌స్టర్' మొదట నూలు వడికే మనిషి, తర్వాత ఎవరికీ అక్కర్లేనిదన్న ఎత్తిపొడుపైంది. ఇంగ్లండులో 2005లో పెళ్లి రిజిస్టర్ల నుంచి ఈ రెండు మాటలూ తీసేసి 'సింగిల్' అని పెట్టారు.

హైదరాబాద్‌లో బ్యాచిలర్ అంటే అనుమానితుడు. టు-లెట్ బోర్డు కింద 'ఫ్యామిలీస్ ఓన్లీ' అని ఉంటుంది. నేను 34 ఏళ్ల గవర్నమెంట్ లెక్చరర్‌ని. ఈ నెలలో పదకొండు ఇళ్లు చూశాను. బ్యాచిలర్ అనగానే గేటు దగ్గరే మాట ఆగిపోతుంది. ఇంకొందరు 'ఏ కమ్యూనిటీ?' అంటారు. కులం అని అడగడానికి సిగ్గుపడేవాళ్లు కమ్యూనిటీ అని నిర్మొహమాటంగా అడుగుతారు. మాస్టారు చెప్పిన దూది ఇదే.

కూకట్‌పల్లి_కుర్రాడు | ఆదివారం, రాత్రి 10:05

రాయాలా వద్దా అని రెండు రోజులుగా చదువుతూ ఉన్నాను.

మా అమ్మ పద్నాలుగేళ్లు అపార్ట్‌మెంట్లలో పనిచేసింది. ఆ డబ్బుతోనే నేను బీటెక్ చేశాను. చిన్నప్పుడు సెలవుల్లో ఆమె వెంట వెళ్లేవాణ్ని. అక్కడ ఒక లిఫ్ట్ మీద 'సర్వెంట్స్' అని రాసి ఉండేది. నేను బడిలో అప్పుడే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకున్నాను. నేను సొంతంగా చదివిన మొదటి ఇంగ్లీషు మాటల్లో అదొకటి. అమ్మకు గర్వంగా చదివి వినిపించాను. "అంటే ఏంది బిడ్డా?" అంది. నాకు తెలియదు. ఇంటికొచ్చి డిక్షనరీలో చూశాను, 'సేవకుడు' అని ఉంది. సేవకుడంటే హనుమంతుడు కదా అనుకున్నాను. అమ్మకు అదే చెప్పాను. ఆమె నవ్వింది.

తర్వాత సివిల్స్‌కు చదివే ఫ్రెండ్స్ గదిలో 'సివిల్ సర్వెంట్' అనే మాట విన్నాను. కలెక్టర్ కూడా సర్వెంటే. ఆ మాటకు దండలు వేస్తారు. 'మినిస్టర్' కూడా లాటిన్‌లో సేవకుడేనని చదివాను. మాట ఒక్కటే, ఎవరి మెడలో వేలాడుతుందన్న దాన్ని బట్టి దాని బరువు మారుతుంది. డిక్షనరీ నాకు అబద్ధం చెప్పలేదు, కానీ ఆ లిఫ్ట్ ఎందుకు వేరుగా ఉందో మాత్రం చెప్పలేదు.

'కాలనీ' గురించీ అంతే. హైదరాబాద్‌లో కాలనీ అంటే మర్యాదైన బస్తీ. మా చుట్టాల ఊళ్లో 'కాలనీవాళ్లు' అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. తమిళనాడులో 2025లో ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే, ఆ మాట అవమానంగా మారింది కాబట్టి ప్రభుత్వ రికార్డుల నుంచి తొలగిస్తామని ప్రకటించారు. ఆ వార్త అమ్మకు చదివి వినిపించాను.

నైట్‌డ్యూటీ_నర్స్ | ఆదివారం, రాత్రి 10:40

తమ్ముడూ, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నిజాంపేట_ఫ్లాట్స్ | సోమవారం, ఉదయం 6:50

మా అసోసియేషన్‌లో నేను కమిటీ మెంబర్‌ని. మా లిఫ్ట్ మీద కూడా అదే మాట ఉంది. నాలుగేళ్లుగా రోజూ దాని ముందు నిలబడుతున్నాను, నాకు కనపడలేదు. బోర్డు మార్చడం తేలికే, 'సర్వీస్ లిఫ్ట్' అని రాయించవచ్చు. కానీ కూకట్‌పల్లి తమ్ముడు రాసింది చదివాక, మాట మార్చి లిఫ్ట్ అలాగే ఉంచితే ఏం లాభమనిపిస్తోంది. వచ్చే ఆదివారం మీటింగ్‌లో లిఫ్టులు రెండూ అందరికీ అని ప్రతిపాదన పెడుతున్నాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను, గట్టిగానే అడుగుతాను.

మాదాపూర్_టెస్టర్ | సోమవారం, రాత్రి 11:15

అందరికీ చేతులెత్తి దండం. ఇంత దూరం వెళ్తుందనుకోలేదు.

ఇవాళ మెయిల్ రాయకుండా ఆయనకు నేరుగా ఫోన్ చేశాను. మాస్టారు చెప్పిన సందేహం, అనుమానం సంగతి నాకు వచ్చిన ఇంగ్లీషులో వివరించాను. మా బడిలో డౌట్ అడగడం మంచి విద్యార్థి లక్షణమని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ రెండు తెలుగు మాటలూ మళ్లీ చెప్పమని రాసుకున్నారు. నా ప్రశ్నకు జవాబు రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఫోన్ పెట్టేముందు ఆయనే ఇంకో విషయం ఎత్తారు. పోయిన నెల నా టెస్ట్ ప్లాన్ చూసి 'ఇంట్రెస్టింగ్ అప్రోచ్' అని రాశారు. అది మెచ్చుకోలనుకుని నేను మా లీడ్‌కి కూడా పంపాను. మీరు అదేం మార్చకపోతే ఆశ్చర్యపోయానని ఇవాళ అన్నారు. మూడో భాగం సరిగ్గా లేదని మర్యాదగా చెప్పడానికి అలా రాశారట.

ఇంటికొచ్చి ప్లాన్ తెరిచి చూశాను. ఆయన చెప్పింది నిజమే, రెండు కేసులు వదిలేశాను. మూడో భాగం మళ్లీ రాస్తున్నాను.